లూప్ బిగించాకే స్ట్రిప్‌కి వెళ్లు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు 1990 మస్టాంగ్ కారు కొన్నావనీ, వచ్చే నెల డ్రాగ్ స్ట్రిప్‌కి, అదే పావు మైలు తిన్నటి రేసు ట్రాక్‌కి, తీసుకెళ్తున్నావనీ చెప్పి, "వీడికి నీ పోలికే వచ్చిందిరా తమ్ముడూ" అంది. భలే సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా, ముఖ్యంగా లూప్ గురించి. ఇంజిన్ ఊపుని వెనక చక్రాలకి అందించే డ్రైవ్‌షాఫ్ట్ ఊడితే రోడ్డు మీద పడకుండా పట్టుకునే స్టీలు పట్టీ అది.

ఇంజిన్ సంగతి నువ్వు చూసుకుంటావు, దాని గురించి బెంగ లేదు. పచ్చ లైటు పడ్డాక మొదటి 60 అడుగుల్లో వెనక చక్రాలు ఏం చేస్తాయన్నదే అసలు విషయం. అక్కడ 0.1 సెకను కలిసొస్తే పావు మైలు చివరికి అది 0.15, ఒక్కోసారి 0.2 అవుతుంది.

డ్రాగ్ రేడియల్ టైర్లయితే (రేసుకి బాగా పట్టుండేవి) గాలి 18 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టు. ముందు చక్రాలకి తేలిగ్గా సాగే షాక్ అబ్జార్బర్లు పెట్టు. ముక్కు లేస్తేనే బరువు వెనక్కి వస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యి, చేసింది నోట్‌బుక్‌లో రాసుకో.

డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే ఊపుకి వెనక ఇరుసు, అదే యాక్సిల్, మెలితిరుగుతుంది, కుడి చక్రం తేలిపోవాలని చూస్తుంది. అందుకే కుడి స్ప్రింగు లోపల ఎయిర్ బ్యాగ్, అంటే గాలి నింపే రబ్బరు సంచి, పెట్టి కొంచెం గాలి ఎక్కువ కొడతారు. మరీ ఎక్కువైతే బండి ఎడమకి లాగుతుంది, అప్పుడు తగ్గించు. యాక్సిల్‌ని బాడీకి కలిపే కింది ఆర్మ్‌ల వెనక చివరని కిందికి దించే బ్రాకెట్లు కూడా దొరుకుతాయి. వాటితో బయల్దేరేటప్పుడు వెనక భాగం కుంగకుండా లేస్తుంది, టైరు నేలకి గట్టిగా నొక్కుకుంటుంది. మరీ దించావంటే టైరు ఒక్కసారి నేలని కొట్టి వెంటనే పట్టు వదిలేస్తుంది. ఇవన్నీ చేసే ముందు ఆర్మ్‌లు బిగించే టార్క్ బాక్సులకి బలం కట్టించు. ఆ కార్లలో అవి పల్చటి రేకు, బాగా పట్టుండే టైర్లు వేస్తే చిరిగిపోతాయి.

ఇక ఇది జాగ్రత్తగా చదువు.

1996లో నా దగ్గర 1988 మస్టాంగ్ ఉండేది. బయల్దేరిన ప్రతిసారీ వెనక యాక్సిల్ గంతులేసేది. పొడవు మార్చుకునే పై ఆర్మ్‌లు కొని, ఒక స్నేహితుడి గ్యారేజీలో లిఫ్ట్ మీద పెట్టి బిగించాను. లిఫ్ట్ బాడీని పట్టుకుంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. అలాగే కోణం కొలిచి, పినియన్ ముక్కు, అంటే యాక్సిల్‌లో షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, షాఫ్ట్ కంటే 2 డిగ్రీలు కిందికి పెట్టాను. గ్యాస్ నొక్కగానే ఆ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ముందే కిందికి పెడతారని తెలుసు. కానీ బండి నేల మీదకి దిగి స్ప్రింగులు కుంగాక ఆ కోణం మారిపోయింది. నేను మళ్లీ కొలవలేదు. రాత్రి పదైంది, పొద్దున్నే రేసు.

మర్నాడు స్ట్రిప్‌లో రెండో గేరు వేయగానే షాఫ్ట్ ముందు చివరి జాయింట్ విరిగింది. మన లారీ మెకానిక్కులు క్రాస్ అంటారే, అదే. షాఫ్ట్ ముందు చివర ఊడి, నా సీటు పక్కనే ఫ్లోర్‌ని కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత అది రోడ్డుకి తగిలి వెనక భాగాన్ని ఎత్తేసింది. నా అదృష్టం, వంగి ఊడిపోయింది. బండి నిటారుగా ఆగింది. ఫ్లోర్ రేకు నా మోకాలి దాకా ఉబ్బి ఉంది. లూప్ కొని రెండు వారాలైంది, డబ్బాలోనే ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో మీ తాతయ్య దగ్గర చిన్నప్పుడు పానాలు అందించినవాణ్ణి నేను. లారీకి స్ప్రింగు కట్టలు మార్చినప్పుడు ఆయన బోల్టులు వదులుగా పెట్టించి, జాకీలు దించి, బండి తన బరువు మీద నిలబడ్డాకే చివరగా బిగించేవారు. తొందరపడి ముందే బిగిస్తే వీపు మీద ఒకటి పడేది. ఇరవై ఏళ్లు చూసిన పనిని ఆ ఒక్క రాత్రి మర్చిపోయాను. ఈ సంగతి ఆయనకి చెప్పలేకపోయాను, పోయేదాకా కూడా.

కాబట్టి నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా, నీ సీట్లో నీ అంత బరువు పెట్టి ఆ కోణం కొలువు. ఆర్మ్‌ల చివర్లలో ఉన్నవి రబ్బరు బుష్షులైతే పినియన్ ముక్కు 3 డిగ్రీలు, గట్టి జాయింట్లయితే 1 నుంచి 2 కిందికి ఉంచు. బుష్షుల బోల్టులు కూడా అప్పుడే ఆఖరుసారి బిగించు. లూప్ పావు అంగుళం మందం, 2 అంగుళాల వెడల్పు ఉన్న స్టీలుదై ఉండాలి, ముందు జాయింట్ నుంచి 6 అంగుళాల లోపు ఉండాలి. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్ బుక్కులో ఉన్నదే. నీ బండి ఇంకా అంత వేగం పోదు కాబట్టి అక్కర్లేదని స్ట్రిప్‌లో ఎవరైనా అంటే వినకు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు నాన్నా.

బిగించాక కిందనుంచి ఫోటో తీసి పంపు. ముందు జాయింట్, లూప్ రెండూ కనపడాలి. అది వచ్చాక మీ అమ్మకి నేనే ఫోన్ చేసి ధైర్యం చెప్తా. రేసు రోజుకి టికెట్టు కూడా చూస్తున్నా. అత్త నీకోసం సున్నుండలు చేస్తానంటోంది.

మీ మామయ్య