కేఎంశాన్ హెచ్చరిక సున్నాలు నింపగానే పోయింది. మరి ప్యాచ్‌ను ఎందుకు తిప్పి పంపారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ యూఎస్‌బీ డ్రైవర్‌లో కేఎంశాన్ (లినక్స్ కేంద్రభాగమైన కెర్నల్‌లో, విలువ ఇవ్వని మెమరీని వాడితే పట్టుకునే సాధనం) ‘అన్‌ఇనిట్ వేల్యూ’ అని చూపింది, మీరు కేమాలాక్ (మెమరీని ఉన్నదున్నట్టే ఇచ్చేది) స్థానంలో కేజెడ్‌అలాక్ (సున్నాలతో నింపి ఇచ్చేది) పెట్టారు, హెచ్చరిక పోయింది, అయినా సమీక్షించినవారు అసలు కారణం చెప్పమంటూ ప్యాచ్‌ను, అంటే మీ కోడ్ సవరణను, వెనక్కి పంపారు. వారు అడిగినది న్యాయమే. ఒక విలువ ఎక్కడి నుంచి రావలసి ఉండి రాలేదో తేల్చకుండా సున్నాలు నింపితే, తప్పు డ్రైవర్‌లోనే ఉండిపోతుంది, దాన్ని పట్టించే ఆధారం మాత్రం చెరిగిపోతుంది.

గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీ కోసం, గదుల ఉష్ణోగ్రతను, తేమను చదివే యూఎస్‌బీ పరికరానికి నేను డ్రైవర్ రాశాను. పరికరం ప్రతిసారీ 6 బైట్లు పంపాలి: స్థితికి 2, ఉష్ణోగ్రతకు 2, తేమకు 2. సెన్సార్ సిద్ధంగా లేకపోతే స్థితి తాలూకు 2 బైట్లు మాత్రమే పంపి ఊరుకుంటుంది. పరికరం నుంచి డేటా తెచ్చే కంట్రోల్ మెసేజ్ ఫంక్షన్, వచ్చిన బైట్ల సంఖ్యను గానీ, దోషమైతే సున్నాకన్నా తక్కువ అంకెను గానీ తిరిగి ఇస్తుంది. ఆ అంకె సున్నాకన్నా తక్కువగా ఉందా అన్నది ఒక్కటే నేను చూశాను. అందువల్ల 2 వచ్చినా పని జరిగిందనే భావించి, ఆ రెండు బైట్లనే కేమాలాక్‌తో తెచ్చిన 64 బైట్ల స్ట్రక్చర్‌లోకి (కొన్ని విలువలను కలిపి ఉంచే మెమరీ ముక్కలోకి) నకలు చేసి, ఆపైన ఉష్ణోగ్రతను, తేమను కూడా అందులోంచే చదివాను.

ఒక రాత్రి కరెంటు పోయి జనరేటర్ మీదికి మారాక అక్కడి ఆపరేటర్ గారు ఫోన్ చేశారు. “తెర మీద అంకె కదలడం లేదండీ, తలుపు దగ్గరి థర్మామీటర్ మాత్రం పెరుగుతోంది” అన్నారు. అంతకుముందు కూడా ఇది జరిగే ఉంటుంది, కానీ ఎవరి కంటా పడలేదు. కెర్నల్‌లో మెమరీని పంచిపెట్టే స్లబ్ అలొకేటర్ ఇటీవల విడుదలైన ముక్కనే సాధారణంగా మళ్ళీ ముందుగా చేతికిస్తుంది. కిందటి రీడింగ్ ఉన్న చోటే నాకు తిరిగి దక్కేది, అందులోని పాత ఉష్ణోగ్రత కొత్తదానిలాగే నమ్మదగినట్టు కనిపించేది. ఆనాడే కేజెడ్‌అలాక్ పెట్టి ఉంటే తెర మీద సున్నా డిగ్రీలు వచ్చేవి. చల్లదనం చాలినంత ఉందనుకొని కంప్రెసర్‌ను ఆపివేసే పరిస్థితి ఏర్పడేది. రైతుల సరుకు ఉన్న గది విషయంలో అది పాత అంకెకన్నా ప్రమాదకరం.

ఆ తరువాత విజయవాడలో మా ఇంటి కంప్యూటర్‌పై, వర్చువల్ మెషీన్‌లో కేఎంశాన్‌తో అదే డ్రైవర్‌ను నడిపాను. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నల్ నుంచి కేఎంశాన్ లినక్స్‌లో భాగం. దీనికి క్లాంగ్ కంపైలర్ కావాలి. ఇది ప్రతి బైటుకూ ఒక నీడ బైటును ఉంచుకొని, ఏ బిట్లకు ఇంకా విలువ రాలేదో గుర్తుపెట్టుకుంటుంది. అలాంటి బిట్లను ఊరికే నకలు చేస్తే ఏమీ అనదు. వాటిపై షరతు ఆధారపడినప్పుడు, వాటిని చిరునామాగా వాడినప్పుడు, యూజర్ వైపు, అంటే కెర్నల్ బయటి ప్రోగ్రాములకు, పంపినప్పుడు హెచ్చరిస్తుంది. కాబట్టి నివేదిక పై వరుసలో కనిపించే ఫంక్షన్ చాలాసార్లు అమాయకమైనదే. ఆ మెమరీ ఎక్కడ పుట్టిందో చెప్పే ‘అన్‌ఇనిట్ వాజ్ క్రియేటెడ్ ఎట్’ అన్న భాగం చూసి, ఆ చోటు నుంచి వాడిన చోటు దాకా నడిచే దారుల్లో విలువ ఎక్కని దారి ఏదో వెతకాలి. ఒక జాగ్రత్త: ‘ఇనిట్ ఆన్ అలాక్’ సదుపాయం ఆన్‌లో ఉంటే మెమరీ ముందే సున్నాలతో నిండి వస్తుంది కనుక ఈ తప్పు అసలు పట్టుబడదు. దాన్ని ఆపమని కేఎంశాన్ కెర్నల్ బూట్ సమయంలోనే సందేశం కూడా రాస్తుంది.

నా సవరణ చివరికి చిన్నదే: వచ్చిన బైట్ల సంఖ్య 6 కాకపోతే స్ట్రక్చర్‌ను విడిచిపెట్టి, ఈఐఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్) దోషాన్ని తిరిగి ఇవ్వడం. అడిగినన్ని బైట్లు రాకపోతే తానే విఫలమయ్యే ‘యూఎస్‌బీ కంట్రోల్ మెసేజ్ రిసీవ్’ అనే ఫంక్షన్ కూడా ఉంది. కొత్త కోడ్‌లో దాన్నే వాడమంటాను.

సున్నాలు నింపడమే సరైన మందు అయ్యే సందర్భం కూడా ఒకటుంది. 1 బైటు రకం, 4 బైట్ల విలువ, 8 బైట్ల కాలముద్ర ఉన్న స్ట్రక్చర్ సాధారణంగా 16 బైట్లు అవుతుంది; మొదటి సభ్యుడి (స్ట్రక్చర్‌లోని ఒక్కో అంశాన్ని సభ్యుడు అంటారు) తరువాత 3 బైట్లు ఎవరికీ చెందని ఖాళీ. సభ్యులందరికీ విలువలిచ్చినా ఆ మూడింటిలో కెర్నల్ పాత మెమరీ మిగిలి, యూజర్ వైపు నకలు చేసే కాపీ టు యూజర్ ఫంక్షన్ ద్వారా బయటికి పోతుంది. నివేదికలో ‘16లో 1 నుంచి 3 బైట్లు’ అన్న అర్థంలో ఒక వరుస కనిపిస్తే అది ఇదే. అక్కడ ముందుగా మెమ్‌సెట్‌తో సున్నాలు నింపి ఆపైన సభ్యులను నింపండి.

కంపైలర్ ఏమీ అనలేదని కూడా రాశారు. విలువ ఇవ్వకుండానే వాడుతున్నారేమో అనే తరహా జీసీసీ కంపైలర్ హెచ్చరికల్లో అబద్ధపువి మితిమీరడంతో 2020లో, 5.7 కెర్నల్ సమయంలో, సాధారణ బిల్డ్‌లో వాటిని ఆపివేశారు. అందువల్ల ఆ మౌనాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

ప్యాచ్ మళ్ళీ పంపేటప్పుడు, పరికరం ఎన్ని బైట్లు పంపినప్పుడు ఏ సభ్యుడు ఖాళీగా మిగిలిందో వివరణలో రెండు వాక్యాలు రాయండి, తప్పు మొదట ప్రవేశించిన కమిట్‌ను (కోడ్‌లో నమోదైన ఆ మార్పును) ‘ఫిక్సెస్’ వరుసలో చూపండి. మీ పరికరం తక్కువ బైట్లు ఎప్పుడు పంపుతుందో ఇంకా తేల్చుకోకపోతే, ముందు తిరిగి వచ్చే అంకెను ప్రతిసారీ లాగ్‌లో ముద్రించి, కేబుల్‌ను కొన్నిసార్లు పీకి పెట్టి చూడండి.