రిజిస్టర్లు లేని కాలంలో పుట్టిన ముత్తాత వివరాలు దొరుకుతాయా?

దొరుకుతాయి, కానీ పంచాయతీ ఆఫీసులో కాదు. దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో.

ముందు అటక మీద తాటాకు జాతకం ఉందేమో వెతకండి. అందులో ఇంగ్లీషు తేదీ ఉండదు. సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం, నక్షత్రం ఉంటాయి. చిక్కేమిటంటే ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 'ధాత' అంటే 1876–77 కావచ్చు, 1936–37 కావచ్చు. తిథి, వారం రెండూ ఏ ఏడాదికి కుదురుతాయో పాత పంచాంగంలో చూస్తే తేలిపోతుంది. పిల్లల వయసులు చూసినా చాలావరకు తెలుస్తుంది.

జాతకం లేదా? ఇంట్లో పెద్దవాళ్లను కదిలించండి. "బందరు ఉప్పెన నాటికి చంటిపిల్లాడట" అన్నారంటే లెక్క దొరికినట్టే. ఆ ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి వచ్చింది.

ఇనాం భూములు (పాలకులు పన్ను లేకుండానో, తగ్గించో ఇచ్చిన భూములు) ఉన్న కుటుంబమైతే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అంటే ఆ భూముల విచారణ రికార్డు, నకలు తీయించండి. ఇనాందారు పేరు, వయసు ఉంటాయి. వయసు ఉజ్జాయింపే, పట్టుబట్టకండి.

క్రైస్తవులైతే చర్చి బాప్తిస్మం పుస్తకాలు చూడాలి. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలికి వెళ్లినవాళ్లైతే ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, వయసు రాసేవారు.