లెక్కల గది నుంచి సేవాసంస్థ సారథ్యానికి

ప్రశ్న: చాలా ఏళ్లుగా కార్పొరేట్ ఫైనాన్స్‌లో పనిచేస్తున్నాను. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థకు నాయకత్వం వహించాలని ఉంది. నా అనుభవం అక్కడ పనికివస్తుందా?

జవాబు: తప్పకుండా పనికివస్తుంది, అయితే లెక్కల స్వరూపమే మారుతుందని ముందుగా గ్రహించండి. కంపెనీ లాభం వాటాదారులకు డివిడెండుగా చేరవచ్చు. లాభాపేక్ష లేని సంస్థ మాత్రం మిగులును ఎవరికీ పంచకుండా తన ఆశయానికే వెచ్చించాలి. అంతకంటే చిక్కైనది దాతల షరతు. భవన నిర్మాణం కోసమని ఇచ్చిన విరాళాన్ని, బ్యాంకు ఖాతాలో ఎంత సొమ్ము కనిపిస్తున్నా, సిబ్బంది జీతాలకు మళ్లించడానికి వీల్లేదు కనుక, నిండుగా నిధులున్నట్టు తోచే సంస్థ కూడా నెలాఖరుకు తడుముకోవచ్చు. షరతులు లేని నిధి ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుందన్నదే మీరు మొదట అడగవలసిన ప్రశ్న. మీ క్యాష్‌ఫ్లో (సొమ్ము రాకపోకల) అంచనాల నైపుణ్యం సరిగ్గా ఇక్కడే అక్కరకు వస్తుంది.

నాకు సందేహమున్నది మరోచోట. ఆదేశాలతో పని జరిపించుకోవడానికి అలవాటుపడినవారికి, జీతం తీసుకోని కార్యకర్తలనూ, దాతలనూ, పాలకమండలినీ ఒప్పించి నడిపించడం కష్టంగా తోస్తుంది. విరాళం అడగడానికి మొహమాటపడేవారైతే మరీనూ! అందువల్ల ఉద్యోగం వదలకముందే ఏదైనా చిన్న సంస్థ పాలకమండలిలో కోశాధికారిగా ఏడాదిపాటు పనిచేసి చూడండి. జీతం తగ్గవచ్చన్న సంగతి ఇంట్లోవారితో ఇప్పుడే మాట్లాడండి.