కాల్షియం తిరిగి వెళ్లే దారి

అమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీలో చిరాకేసి పక్కన పడేశాను. "కణాంతర్గత కాల్షియం సమతుల్యత విచ్ఛిన్నమగుట వలన హృదయ వైఫల్యం సంభవించును" అన్నావు. ఈ వయసులో నీకీ "సంభవించును" ఎక్కడ అంటుకుంది? ఏది ఎక్కడ చెడిందో ఆ వాక్యంలో వెతికినా దొరకదు.

మళ్లీ తీసింది చివరి పేరాలో మీ నాన్నగారి గురించి రాసిన ముక్క కోసం. పదిహేనేళ్లుగా బీపీ, ఇప్పుడు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టదన్నావు. చెప్పాల్సిందంతా ఆ మూడో దిండులో ఉంది. నువ్వేమో దాన్ని మొహమాటంగా ఓ మూలన పెట్టావు.

నీ వ్యాసంలో కాల్షియం రావడమే తప్ప తిరిగి పోవడం లేదు. సిడ్నీ రింగర్ అనే డాక్టరుతో మొదలుపెట్టావు. 1880ల్లో లండన్‌లో, డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఉప్పు ద్రావణంలో కప్ప గుండె ఆగిపోయింది, కుళాయి నీళ్లతో చేసిన దాంట్లో కొట్టుకుంటూనే ఉంది, తేడా ఆ నీళ్లలోని కాల్షియం. మంచి కథే, నేనూ వాడుకున్నాను. కానీ అది రాక గురించిన కథ. గుండె బిగుసుకోవడం అందరూ రాస్తారు. వదులు కావడం ఎవరికీ పట్టదు. అసలు కష్టమంతా అక్కడే ఉందని నా మొండి పట్టు.

విశ్రాంతిగా ఉన్న గుండె కణంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం బయటితో పోలిస్తే పదివేల వంతు తక్కువ. ప్రతి దెబ్బకీ బయటి నుంచి కాస్త లోపలికొస్తుంది, అది లోపలి నిల్వ సంచి తలుపులు తెరుస్తుంది, కండరం బిగుసుకుంటుంది. ఇంతవరకు నువ్వు రాశావు. ఆ తర్వాత? అదంతా మళ్లీ సంచిలోకి చేరాలి. మనిషి గుండెలో దాదాపు 70 శాతాన్ని వెనక్కి తోడేది సెర్కా అనే పంపు. మిగతాదాన్ని చాలావరకు కణపు గోడలోని మరో ప్రోటీను బయటికి పంపుతుంది. ఈ తోడుడు ఊరికే జరగదు, రెండు కాల్షియం అయాన్లకి ఒక ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు) ఖర్చు. 1929లో కండరంలో ఆ ఏటీపీని గుర్తించినవాళ్లలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఈ వాక్యాన్ని ఒకప్పుడు ఒక సంపాదకుడు "అప్రస్తుతం" అని కొట్టేశాడు. నా వ్యాసంలో కాల్షియాన్ని ఖటికంగా మార్చిందీ ఆ సంపాదకుడే. చదివినవాళ్లు అదేదో కొత్త జబ్బనుకున్నారు.

బీపీ ఏళ్ల తరబడి ఉంటే గుండె గోడ దళసరెక్కుతుంది. కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. రానురాను సెర్కా పని మందగిస్తుంది, దాని మీద బ్రేకులా ఉండే ఫాస్ఫోలాంబాన్ పట్టు పెరుగుతుంది. కాల్షియం తీరిగ్గా వెనక్కి పోతుంటే గోడ పూర్తిగా వదులు కాదు. వదులు కాని గదిలోకి రక్తం సరిగ్గా దిగదు, ఒత్తిడి ఊపిరితిత్తుల మీదికి ఎక్కుతుంది. పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా పైకొచ్చి చేరుతుంది. అందుకు మూడో దిండు. పైగా సంచి నిండదు, తలుపుల్లోంచి కారుతుంది కూడా, దాంతో తర్వాతి బిగువు తగ్గుతుంది.

నువ్వు చెప్పిన ప్రయోగం 1963లో క్యోటోలో తయారైన అధిక బీపీ ఎలుకల జాతి మీద చేసింది. ఎలుక అన్న మాట ఎందుకు మింగేశావు? దాని గుండె నిమిషానికి 300 సార్లకు పైగా కొట్టుకుంటుంది. 90 శాతం పైగా కాల్షియం సెర్కాయే తోడుతుంది. ఆ లెక్క నాన్నగారికి వర్తించదు. ఇక "జన్యు చికిత్స రాబోతోంది" అన్నావు. సెర్కా జన్యువును గుండెలోకి పంపి 250 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2016లో అచ్చయింది. ఉపయోగం కనబడలేదు. ఆ సంగతీ రాయాలి.

నేనూ పప్పులో కాలేశాను. మొదటి వ్యాసంలో, చెంచాడు మజ్జిగ తోడేస్తే కుండెడు పాలు పెరుగైనట్టు కొంచెం కాల్షియం చాలా కాల్షియాన్ని వదిలిస్తుందని రాసి మురిసిపోయాను. నెల తిరక్కుండా ఒకాయన ఉత్తరం: "గుండె జబ్బని మా ఆవిడ పాలూ పెరుగూ మానేసింది, కాల్షియం బిళ్లలు కూడా పారేసింది." పోలిక అందం చూసుకున్నానే గానీ అది వంటింట్లోకి వెళ్తుందని ఊహించలేదు. తినే కాల్షియం వేరు, కణంలో ఆడే ఆట వేరు అని మరుసటి నెల సవరణ పంపాను. పేజీ చివర చీమంత అక్షరాల్లో వేశారు.

ఇప్పటివాళ్లు చివర అయిదు చిట్కాలు లేకపోతే వేసుకోరట. నువ్వూ పెట్టావు, తీసెయ్. నాన్నగారి మాత్రల గురించి డాక్టరునే అడుగు, నన్ను కాదు.

ఈసారి దిండ్ల దగ్గర మొదలుపెట్టు. ఆయన రాత్రి ఎన్ని గంటలకు లేచి కూర్చుంటారో, కూర్చున్నాక ఎంతసేపటికి ఊపిరి కుదుటపడుతుందో చూసి రాయి. పదో తారీకులోపు పంపు, తర్వాత నేను ఊళ్లో ఉండను.

ఆశీస్సులతో