జంతువుల ప్రవర్తన చదివితే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మా వీధి కుక్క పెట్టిన రెండు పిల్లల్లో ఒకటి పిలిస్తే ఒడిలోకి వస్తుంది, ఇంకొకటి చేయి చాపితే పారిపోతుంది. ఒకే తల్లి పిల్లలకు ఇంత తేడా ఎందుకో పరిశోధించాలని ఉంది. నాన్నగారు బీఈడీ చేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పిల్లల సంగతి. ఒకే ఈతలో పుట్టినా కుక్కపిల్లలకు తండ్రులు వేరు కావచ్చు. మూడు నుంచి పన్నెండు వారాల వయసులో ఏ పిల్ల మనుషుల చేతుల్లో ఎంత మెలిగిందన్నదీ ముఖ్యమే. జన్యువులదా, పెంపకానిదా అన్నది చూసి చెప్పలేం. ఒక తల్లి పిల్లలను ఇంకో తల్లి దగ్గర పెంచి చూడాలి.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఎలుకలతో ఆ పనే చేసింది. పిల్లలను బాగా నాకే తల్లి దగ్గర పెరిగినవి, ఎవరి కడుపున పుట్టినా, బెదురు తక్కువగా ఎదిగాయి. ఒత్తిడి హార్మోనును అందుకునే గ్రాహకపు జన్యువు మీది మిథైల్ గుర్తులు (జన్యువు ఎంత పనిచేయాలో నియంత్రించే రసాయన ముద్రలు) ఆ ఆలనను బట్టి మారతాయని 2004లో చూపారు. సైబీరియా నక్కల విషయంలో ఫలితం తిరగబడింది. 1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ మొదలుపెట్టిన ప్రయోగంలో మచ్చికైన వాటినే ఏరి తరతరాలుగా సంతతి పెంచారు. వాటి పిండాలను కరిచే నక్కల గర్భంలో పెట్టినా పుట్టినవి మచ్చికగానే ఉన్నాయి. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి. మీరు అడిగిన ప్రశ్నకు ఒక జీవితం కేటాయించవచ్చు.

ఇక దారి. ఎమ్మెస్సీ స్థాయి ప్రవేశాల జాతీయ పరీక్ష జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు రాస్తే బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి, అంటే పీజీ, పీహెచ్‌డీ కలిసిన కోర్సుకు, ప్రయత్నించవచ్చు. కందిరీగల సమాజాలపై రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాల పాటు పనిచేసింది అక్కడే. ఆ పేపరులో ఇంటర్ స్థాయి గణితం ఉంటుంది. బైపీసీ వారు తడబడేది అక్కడే కాబట్టి ఈ రోజే మొదలుపెట్టండి. గణాంకశాస్త్రం రాకుండా ఈ రంగంలో అడుగు పడదు.

లేదా ఎమ్మెస్సీ చేసి జాతీయ అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్ రాయండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. అదే పరీక్ష కళాశాల అధ్యాపక ఉద్యోగానికీ అర్హత ఇస్తుంది. నాన్నగారికి ఈ మాట తప్పక చెప్పండి, ఆయన కోరుకున్న బోధన ఇందులోనూ ఉంది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుందని, పరిశోధన ఉద్యోగాలు తక్కువని కూడా దాచకుండా చెప్పండి.

ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టండి. రోజూ ఒకే వేళకు, ఒకే దూరంలో నిలబడి, ఏ పిల్ల ఎన్ని నిమిషాల్లో దగ్గరికి వచ్చిందో రాయండి. రేపు ఇంటర్వ్యూలో మీ ఆసక్తి గురించి అడిగితే ఆ పుస్తకమే చూపించండి.