అమ్మ రిమోట్‌లో బటన్ మార్చే ముందు

అల్లుడా,

నెట్‌ఫ్లిక్స్ అని రాసి ఉన్న బటన్ నొక్కితే యూట్యూబ్ వచ్చేలా చేయొచ్చా మామా అని అడిగావు. చేయొచ్చు. మీ ఇంట్లో టీవీకి తగిలించి ఉన్నది ఆండ్రాయిడ్ బాక్సే కాబట్టి పెద్ద పని కూడా కాదు. అయితే ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే నువ్వు నీ చేతికి వీలుగా సెట్ చేసేసి హైదరాబాద్ బస్సెక్కుతావు. ఆ తర్వాత రోజూ దాన్ని నొక్కేది మా అక్క, అంటే మీ అమ్మ. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రిమోట్ తనంతట తాను ఏ యాప్‌నూ తెరవదు. బటన్ నొక్కితే బాక్స్‌కు ఒక కోడ్ పోతుంది, అంతే. ఆ కోడ్‌కు ఏ యాప్ తెరవాలో బాక్స్ చూసుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, జియోసినిమా కలిసి జియోహాట్‌స్టార్ అయినప్పుడు పాత పేరున్న రిమోట్లను ఎవరూ పారేయలేదు కదా. కాబట్టి నువ్వు మార్చేది బాక్స్‌లోనే. రేపు ఆ రిమోట్ పాడై అదే మోడల్‌ది ఇంకోటి కొన్నా నువ్వు చేసిన మార్పు ఎక్కడికీ పోదు.

ఆ బటన్ మన అవసరం చూసి పెట్టింది కాదనుకో. నెట్‌ఫ్లిక్స్ 2011 నుంచే రిమోట్ల మీద తన పేరు వేయించుకుంటోంది. ఆ సర్వీసు మన దేశానికి వచ్చిందేమో 2016 జనవరిలో. అక్క రోజూ చూసే ఈటీవీ విన్‌కు మీ రిమోట్ మీద చోటు లేదు, డబ్బు కట్టని నెట్‌ఫ్లిక్స్‌కు మాత్రం ఉంది. దాన్ని తీసి వాడుకోవడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక పని సంగతి. టీవీలోనే ప్లే స్టోర్ తెరిచి బటన్ మ్యాపర్ అనే యాప్ ఎక్కించు. అది మొదట్లోనే యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది, సెట్టింగ్స్‌లోకి పోయి ఆన్ చేయాలి. తర్వాత యాడ్ బటన్స్ దగ్గర నెట్‌ఫ్లిక్స్ బటన్ ఒకసారి నొక్కితే దాన్ని గుర్తుపడుతుంది. ఒకసారి నొక్కితే ఏం కావాలి, రెండుసార్లు నొక్కితే ఏం కావాలి, నొక్కి పట్టుకుంటే ఏం కావాలి అని విడివిడిగా అడుగుతుంది. అక్కడ యాప్స్ లిస్టులోంచి యూట్యూబ్ ఎంచుకోవడమే.

ఆ పర్మిషన్ చిన్నది కాదు. అది ఇచ్చావంటే నొక్కే ప్రతి బటన్‌నూ, తెర మీద ఉన్నదాన్నీ ఆ యాప్ చూడగలదు. అందుకే ప్లే స్టోర్‌లో ఉన్నదే తీసుకో. ఫ్రెండ్ ఎవరో లింకు పంపాడని ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైల్ (ఏపీకే) ఎక్కించొద్దు. బాక్స్‌లో ఉన్నది అక్క గూగుల్ అకౌంట్, దానికి ఆమె ఫోన్ కూడా ముడిపడి ఉంది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. మీ వయసు వాళ్లు ఒకే బటన్‌కు మూడు పనులు అప్పజెబుతారు. ఒకసారి నొక్కితే యూట్యూబ్, రెండుసార్లు నొక్కితే ఆహా, పట్టుకుంటే ఇంకేదో. హన్మకొండ చౌరస్తాలో నా షాపుకు రిమోట్ పాడైందని పట్టుకొచ్చే పెద్దవాళ్లలో కొందరి రిమోట్‌కు ఏ రోగమూ ఉండదు, కొడుకో అల్లుడో ఇలా సెట్ చేసి పోయి ఉంటాడు. వయసు మీద పడ్డ వేలు బటన్ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. బాక్స్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. తెరుచుకోలేదేమోనని మళ్లీ నొక్కితే డబుల్ ట్యాప్ అవుతుంది. పైగా డబుల్ ట్యాప్‌కు వేరే పని పెడితే, రెండోసారి నొక్కుతారేమోనని బాక్స్ కాసేపు ఆగి చూస్తుంది కాబట్టి మామూలు నొక్కు కూడా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలోనే అక్క ఇంకో రెండు బటన్లు నొక్కేస్తుంది.

కాబట్టి అక్క కోసమైతే ఒకసారి నొక్కినా, పట్టుకున్నా రెండింటికీ యూట్యూబే పెట్టు. డబుల్ ట్యాప్‌కు ఏమీ పెట్టకు. ఎలా నొక్కినా ఒకటే రావాలి. ప్రైమ్ బటన్ జోలికి పోకు, బావ క్రికెట్ లేనప్పుడు సినిమాలు దాంట్లోనే చూస్తాడు. హోమ్, బ్యాక్, ఓకే బటన్లను మాత్రం చచ్చినా మార్చొద్దు. ఓకేకు పొరపాటున వేరే పని పడితే ఆ తప్పు సరిదిద్దడానికి కూడా ఓకే నొక్కాల్సి వస్తుంది. అంత దూరం వస్తే ఫోన్లో గూగుల్ హోమ్ యాప్‌లో రిమోట్ ఉంటుంది. ఫోన్, బాక్స్ ఒకే వైఫైలో ఉంటే చాలు, దాంతో బయటపడొచ్చు.

కొన్ని బాక్సుల్లో నెట్‌ఫ్లిక్స్ బటన్ ఈ యాప్ దాకా రాదు, సిస్టమే ముందు పట్టేసుకుంటుంది. అప్పుడు యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ రెండూ ఒకదాని మీద ఒకటి తెరుచుకోవచ్చు, లేదా యాప్ బటన్‌నే గుర్తుపట్టకపోవచ్చు. మీరెలాగూ డబ్బు కట్టడం లేదు కాబట్టి సెట్టింగ్స్‌లో నెట్‌ఫ్లిక్స్ యాప్‌ను డిజేబుల్ చేసి చూడు. అయినా కుదరకపోతే గొడవ పడకుండా వదిలెయ్. హోమ్ స్క్రీన్‌లో యూట్యూబ్ మీద ఓకే నొక్కి పట్టుకుంటే మూవ్ అని వస్తుంది, దాన్ని వరసలో మొదటికి తెచ్చిపెట్టు. హోమ్ నొక్కి ఓకే నొక్కడం అక్కకు కష్టం కాదు.

అంతా అయ్యాక బాక్స్‌ను స్విచ్ బోర్డు దగ్గరే ఆపి, కాసేపాగి ఆన్ చెయ్. మన దగ్గర ఎండాకాలం కరెంటు సంగతి నీకు తెలుసు. బాక్స్ మళ్లీ మొదలయ్యాక ఒక్కోసారి ఆ పర్మిషన్ దానంతటదే ఆఫ్ అయి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత కూడా అంతే. అలా అయితే ఎక్కడికి పోయి ఆన్ చేయాలో బావకు చూపించు. అక్కకు చూపిస్తే ఆమె ఆ సెట్టింగ్స్‌లోకి పోనే పోదు, నాకు ఫోన్ చేస్తుంది.

ఇంకోటి, అక్క అడిగేది నిజానికి యూట్యూబ్ కాదు, అందులో భజనలు, మేడారం జాతర వచ్చినప్పుడు లైవ్. బటన్ యాప్ దాకా తీసుకుపోతుంది, చానల్ దాకా తీసుకుపోదు. ఆమె చూసే చానళ్లను సబ్‌స్క్రైబ్ చేసి పెడితే ఆ కొసరు దూరం కూడా తగ్గుతుంది.

మీ ఆఫీసు రూములో ఉన్న ఫైర్ టీవీ స్టిక్‌తో ఇదంతా కుదరదు. మామూలు ఫైర్ టీవీ రిమోట్‌లో యాప్ బటన్లు మార్చే సెట్టింగే లేదు. ఒకటి, రెండు అని అంకెలుండే ప్రో రిమోట్‌లో ఆ రెండింటిని మాత్రం మనకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. కరీంనగర్‌లో మీ కాక వాళ్లది ఎల్జీ టీవీ కదా, వాళ్ల పని ఇంకా తేలిక. అంకెలున్న మ్యాజిక్ రిమోట్ అయితే సున్నా నొక్కి పట్టుకుంటే ఏ అంకెకు ఏ యాప్ అని పెట్టుకునే లిస్టు వస్తుంది. వేరే యాప్ ఏదీ అక్కర్లేదు.

పేరు ఒకటి, తెరుచుకునేది ఒకటి కాబట్టి బటన్ మీద గుర్తు ఉండాలి. కాగితం అతికిస్తే వారానికే లేచిపోతుంది. ఎర్ర నెయిల్ పాలిష్ ఒక చుక్క పెట్టు, బాగా ఆరేదాకా రిమోట్ ఎవరికీ ఇవ్వకు.

సద్దుల బతుకమ్మ నాడు ఈ పని పెట్టుకోకు, అక్కకు తీరిక ఉండదు. ముందు రోజు సాయంత్రం ఆమె చేతికే రిమోట్ ఇచ్చి, నువ్వు ఏమీ చెప్పకుండా పక్కన కూర్చో. ఎక్కడ ఆగిపోతుందో చూసి అది మార్చు. వచ్చేటప్పుడు కొత్త సెల్స్ తెచ్చుకో, పాతవి వీక్ అయి ఉంటే నొక్కినవి సగం పోక, తప్పు సెట్టింగ్‌లో ఉందనుకుంటావు.

మీ మామ
హన్మకొండ