హార్స్‌లీ హిల్స్‌లో గ్యాలరీ పెడతానంటున్న అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది మదనపల్లె. టమోటా మార్కెట్‌లో చిన్న మండీ నడుపుతున్నాను. మా పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ బొమ్మలు బాగా వేస్తుంది. పోయిన ఎండాకాలం అందరం కులూ, మనాలీ టూర్ వెళ్లాం. అక్కడ నగ్గర్ అనే కొండ ఊళ్లో ఒక ఆర్ట్ గ్యాలరీ చూసింది. వచ్చినప్పటి నుంచీ ఒకటే మాట. నీట్ వద్దంట, బొమ్మలే చదువుతుందంట, చదువయ్యాక హార్స్‌లీ హిల్స్ మీద చిన్న గ్యాలరీ పెట్టి మన చుట్టుపక్కల ఆర్టిస్టుల బొమ్మలు అమ్ముతుందంట, తానూ వేసుకుంటుందంట. పాప మనసు కష్టపెట్టడం ఇష్టం లేదు. కానీ దీంతో బతుకు గడుస్తుందా అని నాకు ఒకటే టెన్షన్. బంధువులు ఒక్కరూ మంచిమాట చెప్పడం లేదు. ఏ కోర్సులో చేర్పించమంటారు?

జవాబు: బొమ్మలు నమ్ముకుని బతకొచ్చు. మన తిరుపతి, శ్రీకాళహస్తి చుట్టుపక్కల అలా బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కానీ చిన్న కొండ ఊళ్లో గ్యాలరీ ఒక్కదాన్నే నమ్ముకుంటే బతకడం చాలా కష్టం. మీ పాప కోరికలో రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి. బొమ్మ వేయడం ఒకటి, దాన్ని కొనేవాళ్ల దగ్గరికి చేర్చడం ఇంకొకటి. మొదటిది కాలేజీలో నేర్పుతారు. రెండోది చాలా కాలేజీల్లో ఎవరూ నేర్పరు. రెండూ చేతికొచ్చేలా రాబోయే ఐదారేళ్లు ప్లాన్ చేసుకుంటే పాప అనుకున్నది జరుగుతుందనే నా నమ్మకం.

నగ్గర్ చూసి పాప మనసు అక్కడే ఉండిపోయిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. అయితే ఆ గ్యాలరీ ఎలా నిలబడిందో కూడా పాపకు తెలియాలి. రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ 1928లో అక్కడ స్థిరపడ్డాడు, 1947లో అక్కడే చనిపోయాడు. కులూ లోయకు వచ్చేనాటికే ఆయనకు చాలా దేశాల్లో పేరుంది. ఇప్పుడు ఆ ఇంటిని ఒక ట్రస్టు మ్యూజియంలా నడుపుతోంది. మనం టికెట్టు కొని చూసి వస్తాం. అది బొమ్మలు అమ్మి అద్దె కట్టే గ్యాలరీ కాదు. అదే హిమాచల్‌లో, కాంగ్రా వైపు ఆంద్రెట్టా అనే పల్లె ఉంది. దేశ విభజన తర్వాత శోభా సింగ్ అనే చిత్రకారుడు అక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన వేసిన గురునానక్ బొమ్మ ప్రింటు పంజాబీల ఇళ్లలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఒరిజినల్ ఒక ఇంటికే పోతుంది, ప్రింటు వేల ఇళ్లకు పోతుంది. ఆ పల్లెలోనే ఒక కుండల స్టూడియో కూడా ఉంది. వచ్చినవాళ్లకు అక్కడ పని నేర్పుతారు. కొండ ఊళ్లలో కళ నిలబడే దారులు ఇలాంటివే. మ్యూజియం టికెట్టు, ప్రింట్లు, నేర్పే ఫీజు. గోడమీది పెద్ద బొమ్మ ఎప్పుడో ఒకసారి అమ్ముడవుతుంది.

ఇక మన హార్స్‌లీ హిల్స్. పెద్దవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనే ఆ కొండ సుమారు 1,265 మీటర్ల ఎత్తు. శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లు వరసకడతాయి. ఒక మంగళవారమో బుధవారమో పాపను తీసుకెళ్లి చూపించండి, ఎంతమంది ఉంటారో తనే లెక్కపెట్టుకుంటుంది. వచ్చినవాళ్లు చల్లగాలి కోసం, వ్యూ పాయింట్ దగ్గర ఫొటో కోసం వస్తారు. పదివేల రూపాయల బొమ్మ కొందామని ఇంటి దగ్గర అనుకుని బయలుదేరేవాళ్లు కారు. పైగా కొండ మీద చాలావరకు అడవి, ప్రభుత్వ స్థలాలు. సొంతానికి చోటు దొరకడమే కష్టం. వారాంతాల్లో రెండు గంటల బొమ్మల క్లాసు, బ్యాగులో పట్టే చిన్న ప్రింట్లు, గుడ్డ మీద వేసినవి, ఇలాంటివైతే అక్కడ నడుస్తాయి. అవి నడిచాక గ్యాలరీ.

మనకు దగ్గర్లో దీనికి మంచి ఉదాహరణ చెన్నై పక్కన ఇంజంబాక్కంలోని చోళమండలం. మద్రాసు ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్.పణిక్కర్, ఆయన శిష్యులు, తోటి చిత్రకారులు కలిసి 1966లో ఆ ఊరు మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. అందరూ కలిసి ఒక సంఘంగా ఏర్పడి, మైనం పూసి రంగులద్దే బాటిక్ గుడ్డల్లాంటి హస్తకళా వస్తువులు చేసి అమ్మారు. ఆ డబ్బుతోనే స్థలం కొనుక్కున్నారు. కడుపు నింపే పని ఒకపక్క, సొంత బొమ్మ ఒకపక్క. ఈరోజు అక్కడ గ్యాలరీ ఉంది, మ్యూజియం ఉంది, చూడటానికి జనం వస్తారు. కానీ ఆ ఊరికి పునాది వేసింది బాటిక్ గుడ్డలే. అన్నా, వీలైతే ఒక ఆదివారం పాపను అక్కడికి తీసుకెళ్లండి. నగ్గర్ కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది.

మరి మీ పాపకు ఆ బాటిక్ లాంటి పని ఏది? నన్నడిగితే కలంకారీ, అంటే వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే పని. శ్రీకాళహస్తి మీకు ఎంతో దూరం లేదు. గత శతాబ్దం మధ్యలో ఈ కళ దాదాపు ఆగిపోయే స్థితికి వస్తే, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య లాంటి పాతతరం వాళ్లు కొత్తవాళ్లకు నేర్పారు. జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న పని ఇంటి పక్కనే ఉంటే మన పిల్లలు సిటీల్లో షార్ట్‌టర్మ్ కోర్సులకు లక్షలు కట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఆ పని దగ్గర కూర్చుని చూస్తే పాపకు ఇంకోటి అర్థమవుతుంది. ముతక నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాల జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. ఆ తర్వాత నలుపు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే కసిం అది. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. కసింలో ముంచి, ఆ చుట్టను వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోతే మొన నుంచి సన్నగా దిగుతుంది. పడినప్పుడు పల్చగా కనిపించే గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, కసింలోని ఇనుము కలవడం వల్ల అలా అవుతుంది, బైపీసీ పాపకు ఈ కెమిస్ట్రీ ఇట్టే ఎక్కుతుంది. ఆ గీత ఇక చెరగదు. రబ్బరు పెట్టి తుడిచేది లేదు, వెనక్కి తీసుకునేది లేదు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, మంజిష్ఠ లాంటి మొక్కల వేర్లతో ఉడికిస్తే సరిగ్గా ఆ చోటే ఎరుపెక్కుతుంది. నీలానికి నీలిమందు. మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతకాలి, స్వర్ణముఖి నది పక్కన ఈ పని పెరగడానికి అదొక కారణం.

చెరపడానికి వీల్లేని గీత గీసి గీసి వచ్చిన చేతికి కాన్వాస్ అయినా, ఐప్యాడ్ అయినా భయం ఉండదు. ఇక అమ్మకం సంగతి ఆ ఇళ్లలోనే కళ్లముందు కనిపిస్తుంది. ఏ చీర పోతుంది, గోడకు కట్టే రామాయణం తెర ఎవరు అడుగుతారు, చేత్తో వేసినదానికీ స్క్రీన్ ప్రింటుకూ తేడా కొనేవాళ్లకు ఎలా చూపించాలి, ఇదంతా అక్కడివాళ్లకు నోటి లెక్క.

చదువు విషయానికి వస్తే, నేనైతే నాలుగేళ్ల బీఎఫ్‌ఏలో, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో చేర్పించమంటాను. కడపలో 2020లో మొదలైన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ మీకు దగ్గర. ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ప్రవేశానికి ఏడీసెట్ అనే ఆర్ట్, డిజైన్ ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ ఉంది. తమిళం, దూరం ఇబ్బంది కాదనుకుంటే 1850లో పుట్టిన చెన్నై ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉండనే ఉంది. శాంతినికేతన్ కళాభవన్, బరోడా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివి ఆ తర్వాత చేసే పీజీ, అంటే ఎంఎఫ్‌ఏకు పెట్టుకోవచ్చు. బీఎఫ్‌ఏలో పెయింటింగా, అప్లైడ్ ఆర్టా అని మీకు సందేహం వస్తుంది. అప్లైడ్ ఆర్ట్ చదివినవాళ్లకు డిజైన్, అడ్వర్టైజింగ్ ఉద్యోగాలు తొందరగా దొరుకుతాయి. అయినా మీ పాప మనసు చూస్తే పెయింటింగే సరి, ప్రతి వేసవిలో కాళహస్తిలో కలంకారీ పని నేర్చుకుంటే ఆదాయం సంగతి అది చూసుకుంటుంది.

బీఎఫ్‌ఏ సీటు రాకపోతే కంగారు పడొద్దు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. రాతి శిల్పం, లోహ శిల్పం, కొయ్య చెక్కడం, సంప్రదాయ చిత్రలేఖనం లాంటి వాటిలో నాలుగేళ్ల డిప్లొమా, కలంకారీలో రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు నేర్పుతారు. పదో తరగతి పాసైతే చాలు. దేశమంతా, విదేశాల్లో కూడా గుడులు కడుతూనే ఉన్నారు కాబట్టి అక్కడ చదివినవాళ్ల చేతికి పని తక్కువ ఉండదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఎందుకంటే గ్యాలరీ కూడా ఒక మండీయే. రైతు సరుకు తెస్తాడు, మీరు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటారు. గ్యాలరీ కమీషన్ మాత్రం చాలా ఎక్కువ, మామూలుగా 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. సరుకు కుళ్లిపోదు, కానీ నెలల తరబడి కదలదు. లెక్క కోసం ఒక బొమ్మ 10,000కు పోయిందనుకుందాం. గ్యాలరీకి 40 శాతం అంటే 4,000. ఫ్రేముకు 1,500, కాన్వాసు, రంగులకు 1,200 వేసుకోండి. వేసినవాళ్లకు మిగిలేది 3,300. అందుకే చిత్రకారులు గ్యాలరీ వాళ్లను తిట్టుకుంటారు, గ్యాలరీ వాళ్లు అద్దె చూసి ఏడుస్తారు. మీ పాప రెండువైపులా నిలబడబోతోంది కాబట్టి రెండు లెక్కలూ తెలియాలి. సెలవుల్లో నెల రోజులు మీ మండీ గుమాస్తా పక్కన కూర్చోబెట్టండి. ఎవరి సరుకు ఎంత వచ్చింది, ఎంతకు పోయింది, ఎప్పుడు డబ్బు కట్టాలి అని రోజూ రాయడం వస్తే, రేపు ఇతర చిత్రకారులు నమ్మి తమ బొమ్మలు ఇస్తారు. చిన్న ఊళ్లలో గ్యాలరీలు మూతపడటానికి బొమ్మలు బాగాలేకపోవడం కంటే ఆర్టిస్టులకు సమయానికి డబ్బు ఇవ్వకపోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇంకో విషయం పాప ఇప్పుడే తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ అమ్మినంత మాత్రాన దాని కాపీరైట్ పోదు. కొన్నవాళ్లు గోడకు తగిలించుకోవచ్చు, ప్రింట్లు వేసి అమ్ముకోకూడదు. కానీ ఎవరైనా డబ్బిచ్చి ఆర్డర్ మీద వేయించుకున్న చిత్రం సంగతి వేరు. కాగితం మీద వేరేగా రాసుకోకపోతే దాని మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. కాబట్టి హోటల్ వాళ్లో, కల్యాణమండపం వాళ్లో ఆర్డర్ ఇస్తే ఒక పేజీ ఒప్పందం రాసుకుని సంతకాలు పెట్టించుకోవాలి. మొహమాటపడితే ఆ బొమ్మ క్యాలెండర్ల మీద వచ్చినా అడగలేం.

గ్యాలరీకి అద్దె కట్టేముందు గోడ అప్పు తీసుకోమనండి. మదనపల్లెలో ఏదైనా స్కూల్ హాల్లో ఎండాకాలం రెండు రోజుల ప్రదర్శన, తిరుపతి శిల్పారామంలో స్టాల్, మంచి కాఫీ షాపులోనో హోటల్ లాబీలోనో పది బొమ్మలు. తిరుమలకు రోజుకు 60, 70 వేల మంది వచ్చిపోతుంటారు. వాళ్లు అడిగేది దేవుడి బొమ్మే అని చిన్నచూపు చూడొద్దని పాపకు చెప్పండి. చక్కగా వేసిన అలమేలుమంగ బొమ్మకు ఇక్కడ ఎప్పుడూ కొనేవాళ్లుంటారు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్యతో దేవుళ్లను చెక్కేవాళ్లను కూడా కలవమనండి. గ్యాలరీ పెట్టినరోజు ఎవరి పని పెట్టాలో అప్పటికి పాపకు మనుషులు తెలిసి ఉంటారు.

18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 5,000 చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది, దానికి వయసు రాగానే అప్లై చేయించండి. ఖర్చులకు నికరమైన జీతం ఉండాలని మీకనిపిస్తే ఆర్ట్ టీచర్ దారి ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఇప్పటి నుంచే రాయించవచ్చు. కేంద్రీయ విద్యాలయాల్లో, ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్లలో ఆర్ట్ టీచర్లను తీసుకుంటారు.

బంధువుల మాటలకు మీరు కుంగిపోకండి. బొమ్మలకూ మదనపల్లెకూ ఏమిటి సంబంధం అంటే మీ ఊరి చరిత్రే జవాబు చెబుతుంది. 1919లో టాగోర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులో రాసిన బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు అప్పుడు ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఐర్లండ్ కవి, భారతీయ చిత్రకళ మీద ఎంతో రాసినవాడు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో, తిరువనంతపురం శ్రీ చిత్రాలయంలో చిత్రాల గ్యాలరీలు ఏర్పడటంలో ఆయన చేయి ఉంది. గ్యాలరీలు పెట్టించిన మనిషి మీ ఊళ్లో పాఠాలు చెప్పాడు.

ఇప్పుడు చేయాల్సిన పని ఇది. ఇంటర్ పరీక్షలు మంచి మార్కులతో పూర్తి చేయమనండి, నీట్ ఒత్తిడి తీసేయండి. ఫోన్‌లో బొమ్మలు చూసి కాపీ కొట్టడం ఆపి, రోజూ ఒక గంట మీ మండీకి వచ్చి హమాలీలను, ట్రేలను, లారీలను ఎదురుగా చూసి గీయమనండి. ప్రవేశ పరీక్షలో మనుషుల బొమ్మలు, వస్తువుల అమరిక అడుగుతారు. అందులో తడబడేవాళ్లే ఎక్కువ. ఏడీసెట్ నోటిఫికేషన్ వచ్చేలోపు అలాంటి స్కెచ్‌బుక్కులు రెండు నిండితే, వాటిని తీసుకుని పాపతో కలిసి తిరుపతికి రండి. ఏ బ్రాంచ్ పెట్టుకోవాలో ఆ పేజీలు చూసి కూర్చుని మాట్లాడుకుందాం.